ఓడిపోవడానికి కుదిరిన మనిషి

ఏవయ్యోయ్, నిన్నే! సెలవులకి ఊరు కాని ఊరెళ్ళి, టిక్కెట్టు కొని, అక్కడివాళ్ళ ఆట అక్కడివాళ్ళతోనే ఆడి గెలిచేశానని ఫోన్లో ఫోటో పెట్టుకున్న మొనగాడివి నువ్వే కదూ? గెలిచావా? నిజంగానే? ఆ ఫోటోలో నీ వెనకాల చప్పట్లు కొడుతున్న ముసలాళ్ళని ఒక్కసారి పెద్దది చేసి చూసుకో. ఎడంపక్క నోరంతా తెరిచి నవ్వుతున్నవాణ్ణి నేనే. నీ మొహం చూసే నవ్వుతున్నాను. కోపం తెచ్చుకోకు. కోపం రావలసిన సంగతి ముందుంది, అది విన్నాక తెచ్చుకుందువుగాని. కూర్చో.

బొగొటా నగరంలో దక్షిణం వైపు, కొండ మొదట్లో ఉంటుంది మా పేట. అక్కడ దోన్ ఎవెలియోది, అంటే ఎవెలియోగారిది, తెహో ఆడే షెడ్డు. పైన రేకులు, కింద నాలుగు కోర్టులు, గోడవారగా బీరు పెట్టెలు. ఆట చిన్నదే. పద్దెనిమిది మీటర్ల దూరం నుంచి ఇనప బిళ్ళ విసరాలి. అవతల ఏటవాలుగా పెట్టిన చెక్కపెట్టె నిండా బంకమట్టి, మట్టి మధ్యలో ఇనప కడియం, కడియం అంచుమీద నాలుగు మెచ్చాలు. మెచ్చా అంటే గులాబీరంగు కాయితంలో మడిచిన పేలుడు మందు పొట్లం. బిళ్ళ వెళ్ళి దానిమీద పడిందా, ఢాం! షెడ్డంతా పొగ, అరుపులు.

పేరు విసిరేవాడికే వస్తుంది గాని ఆటంతా మట్టిలో ఉంటుంది. ఆ మట్టి పద్దెనిమిదేళ్ళుగా నుబియా చితీవా చేతిలో ఉంది.

ఆ గురువారం పొద్దున కూడా నుబియా మోకాళ్ళ దాకా లుంగచుట్టిన ప్యాంటుతో మట్టిలోనే ఉంది. జల్లించిన మట్టి మీద చెంబుతో నీళ్ళు చల్లి, మడమతో తొక్కి, చేత్తో మడిచి, మళ్ళీ తొక్కింది. బొటనవేలు గుచ్చి తీసి చూసింది. గుంట అంచు పగిలింది. ఇంకో చెంబు నీళ్ళు పోసింది. ఈసారి అంచు పగల్లేదు, వేలికి మట్టీ అంటలేదు. అంతే, అక్కడితో ఆపాలి. ఇంకో చుక్క పడితే బిళ్ళ జారిపోతుంది, ఒక చుక్క తగ్గితే గెంతి అవతల పడుతుంది. తడి గోనెపట్టాలు కప్పుదామని బీరు పెట్టెల వెనక్కి వెళ్ళింది. పట్టాలు లాగితే వాటితోపాటు ఓ ఫోటో జారి కాళ్ళమీద పడింది.

అద్దం మీద సాలెగూడు. తుడిచి చూసింది. మా పేట జట్టు. ముప్ఫయ్యేళ్ళ కిందట నగరంలోని పేటలన్నిటి మీదా కప్పు గెలిచిన రోజున తీసింది. మధ్యలో కప్పు పట్టుకుని దోన్ మిసాయెల్ కెకాన్, తాపీపని చేసే చేతులు, బిగించిన దవడ. ఆ పక్కన నేను కూడా ఉన్నాను, అప్పటికి నాకు జుట్టుంది.

ఆ ఫోటో ఉండవలసింది ఒకటో నంబరు కోర్టు వెనక గోడమీద. నుబియా తలెత్తి అటు చూసింది. అక్కడ ఫోటో లేదు. మంచం అంత పలక ఒకటి తళతళా మెరుస్తోంది. దానిమీద ఇంగ్లీషులో ఒకసారి, మా భాషలో ఒకసారి: "ఛాంపియన్‌ని ఓడించినవాళ్ళు." కింద వరసగా ఫోటోలు. బుగ్గలు ఎర్రబారిన టూరిస్టులు పళ్ళన్నీ చూపిస్తున్నారు. ప్రతి ఫోటోలోనూ పక్కన కంబళి కప్పుకుని, తల వంచుకుని మిసాయెల్. ముప్ఫై సార్లు ఓడిన మిసాయెల్.

నుబియా మట్టికాళ్ళతోనే కౌంటరు దగ్గరికి వెళ్ళింది. ఎవెలియో గ్లాసులు కడుగుతున్నాడు.

"దోన్ ఎవెలియో, ఇది పెట్టెల వెనక ఎవరు పడేశారు?"

"పడెయ్యలేదమ్మా, దాచాను. అద్దం పగులుద్దని."

"మొహం గోడకి తిప్పి దాచారా? తప్పు చేసిన పిల్లాణ్ణి నిలబెట్టినట్టు?"

"యెయిసన్ గోడ కావాలన్నాడు. కాదంటే వాళ్ళ బస్సు ఇంకో షెడ్డుకి పోతుంది. తర్వాత వాన కారినప్పుడు రేకులు నువ్వు వేయిస్తావా?"

యెయిసన్ అంటే ఆ టూరు కంపెనీ గైడు. నడుముకి చిన్న స్పీకరు, చెంపకి మైకు, నోటినిండా ఇంగ్లీషు. ఆర్నెల్ల కిందట వచ్చాడు, బస్సుతో. మొదటి వారం టూరిస్టులు మా లాగే దూరం నుంచి విసిరారు. ఒక్క బిళ్ళా మట్టిదాకా వెళ్ళలేదు, ఒకటి మాత్రం నా టోపీ దాకా వచ్చింది. రెండో వారం యెయిసన్ సగం దూరంలో పసుపు రంగుతో గీత గీయించాడు. మూడో వారం నాలుగు మెచ్చాల చోట ఎనిమిది పెట్టించాడు. కడియం కనపడకుండా గులాబీ కాయితాలే. కళ్ళు మూసుకుని విసిరినా పేలుతుంది. నాలుగో వారం మిసాయెల్‌ని పట్టుకున్నాడు.

"టూరిస్టు ఓడి వెళ్తే ఫోన్లో మా కంపెనీకి రెండు చుక్కల మార్కే ఇస్తాడు, గెలిచి వెళ్తే అయిదిస్తాడు. మీరేం చెయ్యక్కర్లేదు, పెద్దాయనా. ఊరికే ఓడిపోండి చాలు."

వాణ్ణి కొడతాడనుకున్నాం మేం. మిసాయెల్ "సరే" అన్నాడు.

ఆ "సరే" నుబియాకి అప్పటినుంచీ గొంతులో ముల్లులా ఉంది. షెడ్డు మూతపడకూడదనే ఆయన ఒప్పుకున్నాడని పేటంతా అనుకుంది, తనూ అనుకుంది. ఒకటో కోర్టు శనివారం మధ్యాహ్నాలు మా జట్టుది. ఆర్నెల్లుగా మేం అదే కోర్టు పక్కన బల్లమీద కూర్చుని మా నాయకుడు ఓడిపోతుంటే చప్పట్లు కొడుతున్నాం. అన్నట్టు, ఆ కంబళి ఆయనది కాదు. మిసాయెల్ బతుకంతా సిమెంటు దుమ్ముపట్టిన కోటుతోనే తిరిగాడు. కంబళి యెయిసన్ విమానాశ్రయంలో కొనుక్కొచ్చాడు, బాగా పల్లెటూరివాడిలా కనపడాలని.

అంతలో యెయిసనే వచ్చాడు, పలక నిటారుగా ఉందో లేదో చూసుకోడానికి.

"దోన్యా నుబియా! ఎలా ఉంది? బ్రహ్మాండంగా లేదూ?"

"ఇందులో ఆయన పేరేది?"

"పేరెందుకండీ? 'ఛాంపియన్' అని ఉందిగా."

"ఈ తెల్లావిడ పేరుంది, ఊరుంది. ఈ పొడుగాయన పేరుంది, ఆయన కుక్క పేరు కూడా ఉంది. మా మనిషికి పేరు లేదా?"

"వాళ్ళు చదువుకునేది వాళ్ళ పేర్లేనండీ" అని యెయిసన్ నవ్వాడు. మర్యాదగానే నవ్వాడు, అదే మంట. "శనివారం పన్నెండుమంది వస్తున్నారు. మట్టి కాస్త మెత్తగా ఉంచండి. పోయినవారం ఒకావిడ బిళ్ళ గెంతింది, పాపం నొచ్చుకుంది."

నుబియా వంగి మట్టిపెట్టెలోంచి ఓ ముద్ద తీసింది. చేతిలో ఉన్న మట్టిముద్దని పిసికి పిసికి, వేళ్ళ సందుల్లోంచి బయటికి వచ్చేదాకా పిసికింది.

శుక్రవారం మధ్యాహ్నం పని అవగానే ఆమె మెట్లవీధి ఎక్కింది. మిసాయెల్ గది పైకంటా ఉంటుంది. ఇటుకలు ఆయన పేర్చినవే, గిలాబా ఇంకా కాలేదు. ఆయన గుమ్మంలో పీట వేసుకుని పచ్చి బఠానీలు ఒలుస్తున్నాడు. వేళ్ళతో కాయని తడిమి, ఈనె పట్టుకుని లాగి, గింజలు గిన్నెలోకి రాల్చేవాడు. కళ్ళు మాత్రం ఎదురుగా కొండమీదున్నాయి.

"ఎవరూ?"

"నేనే, పెద్దాయనా. నన్ను కూడా గుర్తుపట్టనంత కోపమా?"

"నువ్వా, నుబియా! వెనకాల ఎండ పడుతోంది, తెలీలేదు. కూర్చో. బెల్లం నీళ్ళు తాగుతావా?"

లోపలినుంచి కెటిలు తెచ్చి కప్పులో పోశాడు. కప్పు నిండింది, ఆయన పోస్తూనే ఉన్నాడు. వేడినీళ్ళు సాసరు దాటి ఆమె మోకాలి మీద పడ్డాయి. చెయ్యి వణుకుతోందనుకుంది నుబియా. వణకదూ మరి, వారంవారం అంత అవమానం మింగుతుంటే?

ఫోటో సంగతి చెప్పింది. పలక సంగతి చెప్పింది. పేరు లేని సంగతి రెండుసార్లు చెప్పింది. మిసాయెల్ బఠానీలు ఒలవడం ఆపలేదు.

"గోడ ఎవెలియోది. ఏం తగిలించుకుంటే మనకేం?"

"మీకేం కాదా? మొన్న సంతలో కూరల లుసీలా మనవడు మిమ్మల్ని ఏమన్నాడో తెలుసా? 'అదుగో, టూరిస్టుల చేతిలో ఓడిపోయే తాత' అన్నాడు. వాడికి మీరు గెలిచిన సంగతి తెలీదు. ఇంకో రెండేళ్ళు పోతే ఎవరికీ తెలీదు."

"తెలీకపోతే పోనీ."

"ఒక్క ఆట. రేపు ఒక్క ఆట నిజంగా ఆడండి. పాత గీత దగ్గర్నుంచి, నాలుగే మెచ్చాలు, నేను పిసికిన అసలు మట్టి. వాళ్ళ కళ్ళముందు పేల్చండి. ఆ తర్వాత కావాలంటే ఏడాదంతా ఓడిపోండి."

"వద్దు నుబియా."

"షెడ్డు మూస్తారని భయమా?"

"వద్దన్నానా లేదా?" మొదటిసారి ఆయన గొంతు లేచింది. గిన్నె పక్కకి ఒరిగి, గింజలు మెట్లమీదుగా దొర్లిపోయాయి. ఆయన వంగి నేలమీద వేళ్ళతో వెతుక్కుంటుంటే, తన దగ్గర మొహం దాచుకోడానికే వంగాడనుకుని, ఆమె లేచి వచ్చేసింది.

దిగేటప్పుడే నిశ్చయించుకుంది. అడిగితే ఆయన ఒప్పుకోడు. అడక్కుండానే చెయ్యాలి.

ఇక్కడ నా పాపం కూడా కొంత ఉంది. కొళాయి దగ్గర కనపడి ఆమె సంగతి చెప్పగానే, "గీత చెరపడం ఎందుకమ్మా, గీతనే ముంచేద్దాం" అన్నది నేనే. శనివారం పొద్దున ఎవెలియో బీరు దింపించుకుంటున్నప్పుడు నాలుగు బకెట్ల పల్చటి బురద మోసి, పసుపు గీతమీద పోసింది కూడా నేనే. అక్కడ నిలబడితే మనిషి చీలమండ దాకా దిగిపోతాడు. నుబియా పాత గీత దగ్గర చెక్కపలకని గీకి కడిగింది. ఒకటో కోర్టు పెట్టెలో మట్టి మార్చింది. కడియం మీద నాలుగే మెచ్చాలు అమర్చి, వెనక్కి జరిగి, ఒక కన్ను మూసి చూసి, ఒకదాన్ని వెంట్రుకవాసి జరిపింది. పద్దెనిమిదేళ్ళలో అంత మంచి మట్టి ఎప్పుడూ పిసకలేదని తర్వాత తనే అంది.

మూడు గంటలకి బస్సు వచ్చింది. పన్నెండుమంది దిగారు. యెయిసన్ బురద చూసి మైకు చేత్తో మూశాడు.

"ఇదేంటి?"

"గొట్టం పగిలింది" అంది నుబియా.

"ఏ గొట్టం?"

"పగిలింది."

"మిగతా కోర్టులు?"

"వాటికి మట్టి పెట్టలేదు. ఆడితే ఇక్కడ, పాత గీత నుంచి. లేకపోతే బీరు తాగించి తీసుకుపో."

యెయిసన్ పెదవి కొరుక్కున్నాడు. వెనక పన్నెండు ఫోన్లు పైకి లేచి ఉన్నాయి. నవ్వు మొహం పెట్టుకుని, మైకు వదిలి, ఇంగ్లీషులో ఏదో దంచాడు. యాభయ్యేళ్ళుగా ఓటమి ఎరగని ఛాంపియన్ ముందుగా విసురుతాడని ఉంటుంది. వాడు ప్రతిసారీ చెప్పేది అదే.

మిసాయెల్ కంబళి సర్దుకుంటూ గీత దగ్గరికి వచ్చాడు. కాలితో చెక్కపలక తడిమాడు. ఆగాడు.

"గీత ఎవరు మార్చారు?"

"నేనే" అంది నుబియా, అవతలి చివర మట్టిపెట్టె పక్కనుంచి. "విసరండి, పెద్దాయనా."

ఆయన అటు తిరిగాడు. తర్వాత కంబళి తీసి మడిచి బల్లమీద పెట్టాడు. బిళ్ళ చేతిలోకి తీసుకుని బరువు చూసుకున్నాడు. మేం మోచేతులతో పొడుచుకున్నాం. ఇన్నాళ్ళకి వస్తున్నాడ్రా మన మిసాయెల్! ఆ చెయ్యి వెనక్కి వెళ్ళిన తీరు, మోకాలు వంగిన తీరు, అన్నీ ఫోటోలో మనిషివే. బిళ్ళ గాలిలోకి లేచి, పెట్టెకి ఎడంపక్క రెండు బారల దూరంలో గోడకి తగిలి ఠంగుమంది.

టూరిస్టులు "ఓ" అన్నారు. మా బల్లమీద నవ్వులు. "చూశార్రా ఎంత బాగా తప్పించాడో! పాత గీత నుంచి కూడా వదల్లేదు, మహానటుడు!" అని నేను తొడ చరిచాను.

నుబియా ఒళ్ళు మండిపోయింది. ఇంత చేస్తే ఇప్పుడు కూడానా? గోడవార పడ్డ బిళ్ళ తీసుకుని విసవిసా నడిచివచ్చి ఆయన చేతికి ఇవ్వబోయింది. ఆయన చెయ్యి బిళ్ళకి ఓ బెత్తెడు ఇవతల చాచి ఆగింది. మొహం ఆమె వైపే ఉంది గాని, చూపు ఆమె చెవి దాటి ఎక్కడో ఉంది.

"ఎక్కడ పడింది, నుబియా?" అన్నాడు, ఆమెకి మాత్రమే వినపడేట్టు.

ఆమె బిళ్ళని ఆ చేతిలో పెట్టింది. మెట్లమీద దొర్లిన బఠానీలు, పొంగిపోయిన కప్పు, ఎండ పడుతోందన్న మాట, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. ఎండ ఎక్కడుంది నిన్న? నిన్నంతా తుంపర.

"ఎప్పట్నించి?" అంది.

"ముందు పడిందా, పక్కన పడిందా, అది చెప్పు."

"ఎడంపక్క. రెండు బారలు."

ఆయన కుడికి జరిగాడు. రెండో బిళ్ళ పెట్టె ముందు నేలమీద పడి దొర్లింది. ఈసారి నుబియా పెట్టె దగ్గరే నిలబడి, ఆ బిళ్ళని ఎడంచేత్తో తీసుకుని, "దగ్గరగా వచ్చింది, ఇంకాస్త బలంగా!" అని అరిచింది. ఎవరి ఆటలోనూ ఎవరికీ సలహా చెప్పని మనిషి. మేం ఇంకా నవ్వుతూనే ఉన్నాం.

ఈ మనిషిని ఇక్కడికి లాగింది తనే, అనుకుంది నుబియా. బురద కింది పసుపు గీతే ఆయన దాక్కునే చోటు, దాన్ని తనే ముంచేసింది. ఇంకొక్క బిళ్ళ. అది కూడా పోతే నవ్వులు ఆగిపోతాయి, నవ్వులు ఆగితే అందరికీ తెలిసిపోతుంది.

మూడో బిళ్ళ ఎత్తుగా లేచి వచ్చి మట్టిలో దిగబడింది. కడియానికి ఒక జానెడు అవతల. శుభ్రంగా, లోతుగా దిగింది. మట్టి ఒక్క రవ్వ కూడా చెదరలేదు.

నుబియా చూడ్డానికి వంగినట్టు వంగింది. ఎడంచేతిలో ఉన్న బిళ్ళ అంచుతో దగ్గరున్న మెచ్చా మీద ఒక్కటి కొట్టింది.

ఢాం!

ఎగిరిపడ్డాం అందరం. బల్ల తిరగబడింది. టూరిస్టులు గెంతారు, ఒకావిడ నన్ను వాటేసుకుంది, నేను వద్దనలేదు. మా జట్టంతా "మిసాయెల్! మిసాయెల్!" అని రేకులు అదిరేట్టు అరిచాం. పొగలో నుబియా కాలిన వేలు నోట్లో పెట్టుకుని నిలబడింది. ఎనిమిది మెచ్చాలు పెట్టడమే అన్యాయం అన్న మనిషి, గీత అరంగుళం జరిగితే ఆట ఆపిన మనిషి.

మిసాయెల్ మాత్రం చేతులు పైకెత్తలేదు. గీత దాటి, కోర్టు పొడుగునా నిదానంగా నడిచివచ్చాడు. పెట్టె ముందు మోకాళ్ళమీద కూర్చుని మట్టి తడిమాడు. బిళ్ళ దిగిన గుంట దొరికింది. అక్కణ్ణుంచి వేళ్ళు కడియం దాకా నడిపించి, కాలిన కాయితం తగలగానే ఆపాడు. మధ్యలో మట్టి నున్నగా ఉంది.

"మట్టి బాగా కుదిరింది, నుబియా" అన్నాడు.

"ఊరుకోండి" అంది ఆమె గుసగుసగా. "దయచేసి ఊరుకోండి."

ఆయన ఆమె భుజం పట్టుకుని లేచి, ఇటు తిరిగాడు. "ఈ పేలుడు నాది కాదు" అన్నాడు, అందరికీ వినపడేట్టు. "నా బిళ్ళ జానెడు దూరంలో పడింది. లెక్కలోకి రాదు."

యెయిసన్ మైకు విప్పి చేత్తో పట్టుకుని వచ్చాడు, మొహం ఎర్రబడి.

"ఏంటి పెద్దాయనా ఇది? గెలుస్తారు, గెలవలేదంటారు! నేను ఓడిపొమ్మని కదా చెప్పింది? ఆర్నెల్లనించి చక్కగా ఓడిపోతున్నారు, ఇవాళ ఏమొచ్చింది?"

"బాబూ" అన్నాడు మిసాయెల్. కోపం లేదు గొంతులో. "నువ్వు చెప్పావని నేను ఒక్క బిళ్ళ కూడా తప్పు విసరలేదు. ప్రతిదీ గెలవాలనే విసిరాను. నువ్వొచ్చేనాటికే నాకు ఆ కడియం కనపడటం మానేసింది. ఓడిపొమ్మని అడిగే మనిషి దొరికితే, ఓడేవాడికి అంతకన్నా మరుగు ఏముంటుంది? ఇంక చాలు. వీళ్ళకి నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు."

యెయిసన్ వెనక్కి తిరిగాడు. పన్నెండుమంది వాడి మొహమే చూస్తున్నారు. చివరికి ఇంగ్లీషులో రెండు ముక్కలన్నాడు, మైకు లేకుండా. ఏమన్నాడో మాకు తెలీదు గాని, వరసలో ముందున్న పొడుగాటాయన చేతిలో బిళ్ళని నేలమీద మెల్లగా పెట్టేశాడు. ఇంకెవరూ విసరలేదు.

బస్సు మళ్ళీ మా పేటకి రాలేదు. నదికి అవతలి పేటలో షెడ్డు చూసుకున్నారు, అక్కడ కొత్త ఛాంపియన్ కూడా దొరికాడు. పచారీకొట్టు ఆయన. పుట్టి బుద్ధెరిగాక తెహో ముట్టుకోలేదు, కంబళి మాత్రం బ్రహ్మాండంగా నప్పుతుందట. అక్కడికీ పన్నెండేసిమంది వెళ్ళి ఓడించి వస్తున్నారు.

నువ్వు నవ్వకు. ఓడిపొమ్మని యెయిసన్ ఆర్నెల్లు బతిమాలింది గెలవలేని మనిషిని, సరే, వాడు వెర్రివాడే అనుకుందాం. మరి పక్కనే బల్లమీద కూర్చుని, ప్రతి శనివారం ఆయన వీపు చరిచి, "అబ్బ, ఎంత నటన గురూ!" అన్నదెవరు? బడిలో అక్షరమ్ముక్క సరిగా అబ్బకపోయినా, ఊరందర్నీ ఆటపట్టించి నన్ను మాత్రం ఎవడూ ఆటపట్టించలేడని మీసం తిప్పినదెవరు? ఆయనకి కళ్ళు కనపడవన్న సంగతి ఆర్నెల్లపాటు కనపడనిది, ఆ షెడ్డు మొత్తంలో కళ్ళజోడు పెట్టుకున్న ఒకే ఒక్కడికి. ఇదుగో, నాకే.